సేలంలో నేరం ఒప్పుకున్నవాళ్లు బతికారు, కాదన్నవాళ్లు ఉరికెక్కారు: ఎందుకలా?

మీరు అడిగినవి రెండు. 1692లో మసాచుసెట్స్‌లోని సేలంలో మంత్రగత్తెలని నింద పడ్డవాళ్లలో, నేరం ఒప్పుకున్నవాళ్లు బతికిపోయి, "నాకే పాపం తెలియదు" అన్నవాళ్లు ఉరికెక్కారు, ఇదెక్కడి చట్టం అని ఒకటి. మీ అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి ఒక ముద్దాయి కేసుని అసలు కాగితాల్లోంచే చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని రెండోది. రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. ఆ కాగితాలు ఏ వరసలో పుట్టాయో చూస్తే మొదటి ప్రశ్న దానంతటదే విడిపోతుంది.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఒప్పుకుంటే వదిలేస్తామని ఏ చట్టంలోనూ లేదు. కోర్టుకి ఆధారం 1604 నాటి ఇంగ్లండ్ చట్టం. దాని ప్రకారం ఒప్పుకున్నవాళ్లకీ ఉరే. ఒప్పుకున్నవాళ్లని వెంటనే ఉరి తీయకపోవడానికి కారణం వాళ్లు సాక్షులుగా పనికిరావడం. ఇంకెవరెవరున్నారో వాళ్ల నోటితో చెప్పించాలి, ఆ పేర్ల మీద కోర్టులో సాక్ష్యం ఇప్పించాలి. అందుకని వాళ్ల వంతు వెనక్కి జరుపుతూ పోయారు. ఆ వంతు వచ్చేలోగా కోర్టే రద్దయింది.

ఈ ఊరి పేరు వినగానే మనవాళ్లకి తమిళనాడు సేలం గుర్తొస్తుంది. ఇది బోస్టన్‌కి ఈశాన్యంగా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అప్పట్లో సేలం టౌన్ అని రేవు పట్నం, సేలం విలేజ్ అని లోపలి పల్లె, రెండూ వేరు. గొడవ మొదలైంది పల్లెలో. ఆ పల్లెని ఇప్పుడు డాన్వర్స్ అంటారు. కోర్టు విచారణలు జరిగి ఉరితీతలు అయ్యింది పట్నంలో. అక్టోబరులో సేలం చూడ్డానికి వెళ్లే బోస్టన్ తెలుగు కుటుంబాలు చాలావరకు పట్నం చూసి వచ్చేస్తాయి. నింద మొదట ఏ గడపల్లో పుట్టిందో చూడాలంటే డాన్వర్స్ దాకా వెళ్లాలి. ఉరికెక్కినవాళ్లలో ఒకరైన రెబెక్కా నర్స్ ఇల్లు ఇప్పటికీ అక్కడే ఉంది.

మొత్తం 150 మందికి పైగా నింద పడింది. 19 మందిని ఉరి తీశారు, అందులో 14 మంది ఆడవాళ్లు, ఐదుగురు మగవాళ్లు. గైల్స్ కోరీ అనే ఎనభై దాటిన రైతు కోర్టు ఆచారం ప్రకారం విచారణకి సమ్మతి చెప్పనన్నాడు. సెప్టెంబరు 19న అతని మీద రాళ్లు పేర్చి చంపారు. జైల్లో కనీసం ఐదుగురు పోయారు. ఒక్కరినీ తగలబెట్టలేదు. మంటల్లో కాల్చడం యూరప్‌లో కొన్ని దేశాల పద్ధతి. ఇంగ్లండ్ చట్టంలో మంత్రవిద్యకి శిక్ష ఉరి. పిల్లలు గీసే పోస్టర్లలో మంటలు కనిపిస్తూనే ఉంటాయి, అది మొదటే సరిచేయండి.

ఇక కేసు నడక. ఎవరో మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి ఫిర్యాదు ఇస్తారు. మొదటి ఫిర్యాదు 1692 ఫిబ్రవరి 29న వచ్చింది. పాస్టర్ శామ్యూల్ పారిస్ ఇంట్లో తొమ్మిదేళ్ల కూతురు బెట్టీ, పదకొండేళ్ల బంధువుల పిల్ల అబిగైల్ మూర్ఛల్లాంటివి వచ్చి పడిపోతున్నారు. పన్నెండేళ్ల ఆన్ పుట్నం కూడా అలాగే. పిల్లల్ని మంత్రాలతో హింసిస్తున్నారంటూ ముగ్గురు ఆడవాళ్ల పేర్లు ఇచ్చారు. బిచ్చమెత్తుకునే సారా గుడ్, జబ్బుమనిషి సారా ఆస్‌బోర్న్, పారిస్ ఇంట్లో బానిస టిటూబా. ఫిర్యాదు అందగానే వారంటు రాస్తారు. వారంటు వెనకవైపు "ఫలానా రోజు పట్టుకొచ్చాను" అని కానిస్టేబుల్ రాస్తాడు. అందుకే ప్రతి కాగితం రెండో వైపు తప్పకుండా తిరగేసి చూడాలి, అసలు తేదీలు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

తర్వాతది మేజిస్ట్రేట్ల ముందు ప్రాథమిక విచారణ. దాన్ని దగ్గర్నుంచి చూడండి. మార్చి 1న సారా గుడ్‌ని మేజిస్ట్రేటు జాన్ హాథోర్న్ అడిగిన మొదటి ప్రశ్న: "ఏ దుష్టశక్తితో నీకు పరిచయం?" ఏ శక్తితోనూ లేదంది. "సాతానుతో ఒప్పందం చేసుకోలేదా?" లేదంది. "ఈ పిల్లల్ని ఎందుకు బాధపెడుతున్నావు?" నేను బాధపెట్టడం లేదంది. "అయితే ఎవరి చేత చేయిస్తున్నావు?" ఎవరి చేతా చేయించడం లేదంది. "మరి ఏ జంతువుని వాడుతున్నావు?" ఏ జంతువునీ కాదు, నా మీద అబద్ధపు నింద వేశారంది.

ఒక్కో ప్రశ్నా ఆవిడ చేసిందని ముందే నమ్మి అడిగింది. లేదన్న ప్రతిసారీ తర్వాతి ప్రశ్న ఇంకో మెట్టు పైనుంచి వస్తుంది. పక్కనే పిల్లల్ని నిలబెట్టి ఆవిడ వైపు చూడమంటారు, చూడగానే వాళ్లు కేకలు పెడతారు. చివరికి సారా గుడ్ కూడా, పిల్లల్ని బాధపెట్టింది ఆస్‌బోర్న్ అనేసింది. ఆవిడ భర్త విలియం అక్కడే, నా భార్య మంత్రగత్తె అయినా అయ్యుండాలి, తొందర్లోనే అవుతుంది అన్నాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

అదే రోజు టిటూబా ముందు కాదంది, తర్వాత ఒప్పుకుంది. ఒప్పుకోవడంతో ఆగలేదు. మర్నాడు సాతాను పుస్తకంలో గుర్తులు చూశానంది. ఎన్ని అని అడిగితే తొమ్మిదంది. గుడ్, ఆస్‌బోర్న్‌ల గుర్తులు రెండూ అందులో ఉన్నాయంది. అంటే ఇంకా ఏడుగురు బయట ఉన్నారన్నమాట. ఊరి వేట ఆ లెక్కతోనే పెరిగింది. అలా మాట్లాడిన టిటూబాని సాక్షిగా పక్కన పెట్టుకున్నారు, ఆమె మీద విచారణ నడవనే లేదు. కాదన్న ఆస్‌బోర్న్ మే 10న జైల్లోనే పోయింది, గుడ్‌ని జూలై 19న ఉరి తీశారు. ముగ్గురి గతీ చూసినవాళ్లకి ఏం అర్థమై ఉంటుందో మీరే ఊహించండి. (టిటూబాని ఆఫ్రికన్‌గా చూపించడం తర్వాత వచ్చిన అలవాటు. అప్పటి కాగితాల్లో ఆమె పక్కన ఉన్న మాట "ఇండియన్", అంటే అమెరికా ఖండపు మూలవాసి.)

ఒక మెలిక ఇక్కడ తెలియాలి. మసాచుసెట్స్ పాత చార్టర్, అంటే ఇంగ్లండ్ రాజు ఇచ్చిన పాలనా పత్రం, 1684లో రద్దయింది. కొత్త చార్టర్‌తో గవర్నర్ విలియం ఫిప్స్ వచ్చింది 1692 మే 14న. అప్పటిదాకా ప్రాణం తీసే శిక్ష ఉన్న కేసుని నడపడానికి సరైన అధికారం ఉన్న కోర్టు లేదు. అరెస్టులు జరుగుతున్నాయి, విచారణ లేదు. మూడు నెలలు జైళ్లు నిండిపోయాయి. పైగా ఉత్తరాన మెయిన్ అనే ప్రాంతపు సరిహద్దులో ఫ్రెంచివాళ్లతో, మూలవాసులతో యుద్ధం నడుస్తోంది. అక్కణ్ణుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఊళ్లలో ఉన్నారు. భయం గాల్లోనే ఉంది. ఫిప్స్ మే 27న ప్రత్యేక కోర్టు వేసి, విలియం స్టౌటన్‌ని ముఖ్య న్యాయమూర్తిగా పెట్టాడు.

కోర్టులో అభియోగపత్రం ఎలా తయారయ్యేదో చూస్తే గుండె కలుక్కుమంటుంది. మాటలన్నీ ముందే రాసిపెట్టిన నమూనా అది. పేరుకీ తేదీకీ ఖాళీలు. ముద్దాయి ఫలానా అమ్మాయిని "హింసించి, బాధించి, క్షీణింపజేసి" అనే వరస ప్రతి దాంట్లోనూ ఒకటే. తేదీ దగ్గర సాధారణంగా రాసింది ప్రాథమిక విచారణ జరిగిన రోజే. ఎందుకని? మంత్రవిద్య కంటికి కనబడదు, సాక్షులు ఎక్కణ్ణుంచి వస్తారు? విచారణ గదిలో ముద్దాయి చూడగానే అమ్మాయి కిందపడి కొట్టుకుంటే గదినిండా ఉన్నవాళ్లు చూస్తారు. సాక్షుల కొరత ఉండదు. అంటే నేరం గురించి అడగడానికి పిలిచిన చోటే నేరం జరిగినట్టు రాసేవాళ్లు. అభియోగం సరిపోయిందని గ్రాండ్ జ్యూరీ (కేసు కోర్టు విచారణకి వెళ్లాలా వద్దా అని ముందుగా తేల్చే పౌరుల బృందం) అనుకుంటే వెనక "బిల్లా వెరా", చాలదనుకుంటే "ఇగ్నోరామస్" అని లాటిన్‌లో రాసేవాళ్లు. ఆ రెండు మాటలు వెతకడం నేర్చుకుంటే కేసు ఎటు తిరిగిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఆ గదిలో పనిచేసిన సాక్ష్యానికి ఒక పేరుంది, ఛాయారూప సాక్ష్యం అనుకోవచ్చు. ముద్దాయి ఒళ్లు ఇంట్లోనే ఉన్నా ఆమె రూపం వచ్చి గిచ్చింది, గొంతు నులిమింది అని చెప్పడం. దీన్ని కాదనడానికి దారి లేదు. ఆ వేళ నేను పొలంలో ఉన్నానని పదిమంది చేత చెప్పించినా ఉపయోగం లేదు, వచ్చింది రూపం కదా. సాతాను నిర్దోషి రూపం కూడా వేసుకుని రాగలడా అన్నదే అసలు వివాదం. రాగలడంటే కేసులన్నీ కూలిపోతాయి. రాలేడనే పట్టు స్టౌటన్‌ది. జూన్ 15న పాస్టర్లు ఈ సాక్ష్యం విషయంలో జాగ్రత్త అని రాసిచ్చారు, అదే కాగితం చివర గట్టిగా శిక్షించమని కూడా రాశారు. కోర్టు రెండో ముక్కే పట్టుకుంది.

ఇంకో రకం సాక్ష్యం ఒంటి మీద గుర్తు. జూన్ 2 పొద్దున ఒక సర్జన్‌ని, కొందరు ఆడవాళ్లని పెట్టి ఆరుగురు ముద్దాయిల్ని బట్టలు విప్పించి వెతికించారు. బ్రిడ్జెట్ బిషప్, రెబెక్కా నర్స్, ఎలిజబెత్ ప్రాక్టర్‌ల ఒంటి మీద అసహజమైన కండ ఉందని రాశారు. అదే రోజు సాయంత్రం నాలుగింటికి మళ్లీ చూస్తే ఆ చోట ఎండిన చర్మం తప్ప ఏమీ లేదు. అదీ రాశారు. లేదని తేలిందిగా అని వదల్లేదు, పొద్దునకీ సాయంత్రానికీ మాయమవడాన్నే అనుమానంగా తీసుకున్నారు. బ్రిడ్జెట్ బిషప్‌కి జూన్ 10న ఉరి పడింది, అందరికంటే ముందు. ఆ వారంటు కింద షెరీఫ్ జార్జ్ కార్విన్ "చనిపోయేదాకా ఉరి తీశాను, అక్కడే పాతిపెట్టాను" అని రాసి, పాతిపెట్టిన ముక్కని కొట్టేశాడు. ఆ కొట్టివేత ఇప్పటికీ కనిపిస్తుంది.

కాదని నిలబడితే ఏమయ్యేదో చెప్పే కేసు రెబెక్కా నర్స్‌ది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, చెవుడు. ఆమె మంచిదని 39 మంది పొరుగువాళ్లు సంతకాలు పెట్టి ఇచ్చారు. జూన్ చివర్లో జ్యూరీ నిర్దోషి అంది. వెంటనే బాధిత పిల్లలు ఘోల్లుమన్నారు. స్టౌటన్ జ్యూరీని ఆపి, ఆమె అన్న ఒక మాట గమనించారా అన్నాడు. ఒప్పుకున్న ముద్దాయి డెలివరెన్స్ హాబ్స్‌ని సాక్ష్యానికి తెచ్చినప్పుడు నర్స్, ఆమె మాలో మనిషే కదా అన్న అర్థం వచ్చేలా ఏదో అంది. "మాలో" అంటే సాటి ఖైదీ అనా, సాటి మంత్రగత్తె అనా? జ్యూరీ పెద్ద థామస్ ఫిస్క్ ఆవిడనే అడిగాడు. ఆవిడ పలకలేదు. దోషి అని తీర్పు మార్చారు. తనకి సరిగా వినపడదని, దుఃఖంలో మునిగి ఉన్నానని, సాటి ఖైదీ అన్న అర్థంలోనే అన్నానని ఆవిడ తర్వాత రాయించింది. అప్పటికి తీర్పు అయిపోయింది. గవర్నర్ శిక్ష ఆపాడు, మళ్లీ ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నాడు. జూలై 19న సారా గుడ్‌తో పాటే ఉరి తీశారు.

జూలై దాటేసరికి జనానికి లెక్క తెలిసిపోయింది. ఆండోవర్ ఊరి నుంచే నలభైకి పైగా మందిని పట్టుకొస్తే వాళ్లలో ఎక్కువమంది ఒప్పుకున్నారు. అందరూ హింసకి లొంగి ఒప్పుకున్నారనడం సరికాదు. హింస జరిగింది. ముద్దాయి మార్తా క్యారియర్ కొడుకుల్ని మెడా కాళ్లూ కలిపి, ముక్కుల్లోంచి రక్తం కారబోయేదాకా కట్టేశారని ఇంకో ముద్దాయి జాన్ ప్రాక్టర్ జైలు నుంచి జూలై 23న రాసిన ఉత్తరంలో ఉంది. కానీ ఎక్కువమందిని ఒప్పించింది సొంతవాళ్లు. భర్తలు, అన్నదమ్ములు వచ్చి, ఒప్పుకో, బతుకుతావు అని పోరారు. సెప్టెంబరులో ఆండోవర్‌లో ఆడవాళ్ల కళ్లకి గంతలు కట్టి, వాళ్ల చేతులు మూర్ఛలో ఉన్నవాళ్ల మీద వేయించారు. చెయ్యి తగలగానే మూర్ఛ తగ్గితే, శక్తి ఒంట్లోకి తిరిగొచ్చిందని, ఈవిడే చేసిందని అర్థం. అక్కడికక్కడే అరెస్టు. తల తిరిగిపోయి, ఇంటివాళ్లు నిజంగా నువ్వే చేసుంటావంటే, నిజమేనేమో అనుకున్నామని వాళ్లలో ఆరుగురు తర్వాత రాసిచ్చారు.

అయినా ఒప్పుకోలు గట్టి రక్షణ కాదు. శామ్యూల్ వార్డ్‌వెల్ ఒప్పుకుని, తర్వాత అది అబద్ధమన్నాడు. సెప్టెంబరు 22న ఉరి తీశారు. సెప్టెంబరు 17న కోర్టు ఒప్పుకున్న నలుగురికి కూడా మరణశిక్ష వేసింది: ఆన్ ఫాస్టర్, మేరీ లేసీ, రెబెక్కా ఈమ్స్, అబిగైల్ హాబ్స్. వాయిదా పడ్డ వంతు వాళ్లకి వచ్చేసినట్టే. సెప్టెంబరు 22న ఎనిమిది మందిని ఉరి తీశాక నిరసన ముదిరింది, అక్టోబరు చివర్లో ఫిప్స్ కోర్టుని ఎత్తేశాడు. అందుకే ఆ నలుగురూ ఉరి తప్పించుకున్నారు. ఆన్ ఫాస్టర్ మాత్రం డిసెంబరులో జైల్లోనే చనిపోయింది. 1693 జనవరిలో కొత్త కోర్టు ఛాయారూప సాక్ష్యాన్ని పక్కన పెట్టేసరికి ముగ్గురికి మాత్రమే శిక్ష పడింది. వాళ్ల ఉరినీ ఫిప్స్ ఆపాడు.

ఒప్పుకుంటే బతకొచ్చని తెలిసి కూడా ఒప్పుకోనివాళ్ల గురించి ఒక మాట. వాళ్లు మొండివాళ్లు కారు. చేయని పని చేశానని దేవుడి పేరు మీద చెప్పడం వాళ్ల లెక్కలో ఆత్మని పోగొట్టుకోవడమే. రెబెక్కా చెల్లెలు మేరీ ఈస్టీ శిక్ష పడ్డాక కోర్టుకి పెట్టుకున్న అర్జీ చదవండి. నా ప్రాణం కోసం అడగడం లేదు, నేను చావక తప్పదని తెలుసు, ఇంకొక నిర్దోషి రక్తం చిందకూడదని అడుగుతున్నాను అంటుంది. ఊరికే వేడుకోలేదు, పద్ధతి కూడా చెప్పింది. బాధితులమనేవాళ్లని విడివిడిగా ఉంచి గట్టిగా ప్రశ్నించండి, ఒప్పుకున్నవాళ్లలో కొందరిని విచారించి చూడండి అంది. సాక్షుల్ని వేరు చేసి అడగడం పోలీసులకి ఈరోజు ఓనమాలు. ఆ గదిలో ఆ మాట అన్నది ఉరికి సిద్ధమైన ఒక రైతు భార్య.

జైలు ఖర్చు సంగతి ఎవరూ చెప్పరు, అది తప్పకుండా ప్రాజెక్టులో పెట్టించండి. తిండికి వారానికి సుమారు రెండున్నర షిల్లింగులు ఖైదీ ఖాతాలో రాసేవాళ్లు. నిర్దోషి అని తేలినా బాకీ కట్టందే తలుపు తీయరు. లిడియా డస్టిన్ నిర్దోషిగా తేలాక కూడా డబ్బు కట్టలేక 1693 మార్చిలో జైల్లోనే పోయింది. బోస్టన్ జైలరు లెక్కల్లో సారా గుడ్, ఆస్‌బోర్న్‌ల గొలుసులకి 14 షిల్లింగులు, సారా గుడ్ బిడ్డకి రెండు దుప్పట్లకి 10 షిల్లింగులు అని ఉంది. చంకలో ఉన్న ఆ బిడ్డ తల్లి ఉరికి ముందే జైల్లో చనిపోయింది. పెద్ద కూతురు డొరతీకి నాలుగైదేళ్లు. దాన్ని కూడా మంత్రగత్తె అని పట్టుకుని గొలుసులు వేసి నెలల తరబడి ఉంచారు. 1710లో తండ్రి అర్జీ పెట్టాడు: కొట్లో గొలుసులతో ఏడెనిమిది నెలలు ఉన్న భయానికి పిల్ల మతి నిలకడ తప్పింది, అప్పటి నుంచి పోషణ భారంగా ఉంది అని. ఆ తండ్రి, విచారణలో భార్య మీద అనుమానం చెప్పిన విలియం గుడ్డే. ప్రభుత్వం అతనికి 30 పౌండ్లు ఇచ్చింది.

ఇప్పుడు కాగితాలు చదివే పద్ధతి. వర్జీనియా విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో అసలు కాగితాల బొమ్మలు, అచ్చు పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఒక్క మనిషినే ఎంచుకోండి. రెబెక్కా నర్స్ గానీ మేరీ ఈస్టీ గానీ మంచిది, కాగితాలు సరిపడా ఉంటాయి. వారంటు, విచారణ, వాంగ్మూలాలు, అభియోగపత్రం, అర్జీలు, ఈ వరసలో తేదీల ప్రకారం పేర్చమనండి. పిల్లలు తప్పటడుగు వేసేవి ముఖ్యంగా మూడు చోట్ల. ఒకటి, సంవత్సరం. అప్పుడు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఫిబ్రవరి కాగితం మీద 1691 అనో 1691/2 అనో ఉంటుంది, అది మన లెక్కలో 1692. రెండు, ప్రాథమిక విచారణని కోర్టు విచారణ అనుకోవడం. ప్రత్యేక కోర్టు రికార్డు పుస్తకం దొరకలేదు. మన దగ్గర ప్రశ్నా జవాబుల రూపంలో ఉన్నవి జ్యూరీ ముందు జరిగినవి కావు, మేజిస్ట్రేట్ల ముందు జరిగినవి. మూడోది పేర్లు, ఇక్కడే పెద్దవాళ్లు కూడా పడ్డారు. పట్నంలో ఉండే బ్రిడ్జెట్ బిషప్‌ని, పల్లె దగ్గర సత్రం నడిపిన సారా బిషప్‌తో కలిపేసి చాలాకాలం ఒకే మనిషిగా రాశారు. డొరతీ గుడ్ పేరు వారంటులో హాథోర్న్ డోర్కస్ అని తప్పు రాస్తే అదే పేరు పుస్తకాలన్నిటికీ ఎక్కింది. ఆన్ పుట్నంలు ఇద్దరు, తల్లీ కూతురూ. వయసు, ఊరు, భర్త పేరు మూడూ కలవందే ఇద్దర్ని ఒకరిగా రాయొద్దని చెప్పండి.

పాడైన రై పిండిలోని బూజు వల్ల పిల్లలకి భ్రమలు వచ్చాయనే సిద్ధాంతం 1976లో వచ్చింది, ప్రాజెక్టుల్లో బాగా తిరుగుతుంది. అదే ఏడాది దానికి గట్టి ఖండన కూడా వచ్చింది. ఆ విషం ఒంట్లోకి పోతే ముద్దాయి గదిలోకి రాగానే మూర్ఛ రావడం, చెయ్యి తగలగానే పోవడం జరగదు. ఒకటి రెండు వాక్యాల్లో ప్రస్తావించి వదిలేయడం మేలు.

పేర్ల గందరగోళం ఎంత దూరం వెళ్లగలదో ఎలిజబెత్ జాన్సన్ జూనియర్ చెబుతుంది. ఆండోవర్ అమ్మాయి, 22 ఏళ్లు, ఒప్పుకున్నవాళ్లలో ఒకరు. 1693 జనవరిలో శిక్ష పడ్డ ఆ ముగ్గురిలో ఈమె ఉంది, ఫిప్స్ వల్ల బతికింది. తల్లి పేరు కూడా ఎలిజబెత్ జాన్సనే, తల్లి మీదా కేసు ఉంది. 1711లో ప్రభుత్వం చాలామంది శిక్షలు రద్దు చేసి పరిహారం ఇచ్చినప్పుడు ఈమె పేరు జాబితాలో లేదు. నా పేరూ చేర్చండని 1712లో ఆమే అర్జీ పెట్టుకుంది, జరగలేదు. 1957లో, 2001లో మళ్లీ తీర్మానాలు వచ్చాయి, వాటిలోనూ లేదు. చివరికి మసాచుసెట్స్‌లోని ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు టీచరుతో కలిసి ఆ కాగితాలు తిరగేసి, శాసనసభ వెంట పడితే 2022లో ఆమె పేరు మీది దోషం తీసేశారు.